నిప్పు కన్నా ముందే కబురు

నిప్పు లేనిదే పొగ రాదంటారు. మాట నిజమే. కానీ అడవి అంటుకున్నప్పుడు ఈ సామెత పెద్దగా సాయపడదు. పొగ పది ఊళ్లకు కనిపిస్తుంది, నిప్పే కనిపించదు. కొండకు ఏ వైపు మండుతోంది? ఏ లోయలోకి దిగింది? ఎన్ని పాయలుగా చీలింది? గాలి దాన్ని ఎటు తోస్తోంది? ఆ నల్లటి తెర వెనక జరిగేది కింద నిలబడ్డవాడికి తెలియదు. విమానంలోంచి తొంగిచూసేవాడికీ పొగే కనిపిస్తుంది.

మనం టీవీలో చూసే దృశ్యాలు వేరు. ఎర్రగా ఎగసే మంటలు, గొట్టాలు పట్టుకుని పరుగెత్తే మనుషులు, ఆకాశం నుంచి ఎర్రటి మందు గుమ్మరించే విమానాలు... ఇవన్నీ మంట ఎక్కడుందో తెలిశాక జరిగే పనులు. అసలు పోరాటం అంతకుముందే, ఓ గుడారంలో, బల్లమీద పరిచిన పటం చుట్టూ మొదలవుతుంది. ఎవరిని ఎటు పంపాలి, ఏ ఊరు ఖాళీ చేయించాలి, ఏ రోడ్డు మూసెయ్యాలి అని తేల్చే అధికారి ఆ పటాన్నే నమ్ముకోవాలి. అది ఎన్ని గంటల కిందటి పటం అన్నదే ప్రశ్న. చద్దన్నం తిని పొలానికి పోవచ్చు. చద్ది కబురు నమ్ముకుని మంటల్లోకి పోలేం.

ఈ చద్ది కబురు బెడద తప్పించడానికి అమెరికా అంతరిక్ష సంస్థ నాసా, అక్కడి అటవీ సర్వీసు కలిసి చేసిన ఓ ప్రయత్నం గురించే ఈ వారం ముచ్చట. ఇందులో కథానాయకుడు ఓ విమానం. దాని లోపల మనిషి ఉండడు.

పొయ్యి చెప్పే పాఠం

కట్టెల పొయ్యి ముందు కూర్చున్నవాళ్లకు ఇది అనుభవమే. పచ్చికట్టె పెడితే వంటిల్లంతా పొగ. కళ్లు మండి ఎదుటి మనిషి కూడా కనపడడు. అయినా పొయ్యి ఎటుందో ముఖానికి తెలుస్తూనే ఉంటుంది. సెగ తగులుతుంది కదా! కంటికి కనిపించే వెలుగును పొగ అడ్డుకుంటుంది కానీ, వేడిని మోసుకొచ్చే పరారుణ కిరణాలను అంతగా ఆపలేదు. పొగలోని మసి రేణువులు మరీ చిన్నవి. పరారుణ తరంగాలు వాటికన్నా పొడవు. పెద్ద అల గులకరాళ్ల మీదుగా సాగిపోయినట్టు అవి పొగను దాటుకొచ్చేస్తాయి.

ఇంకో సంగతి. ప్రతి వస్తువూ తన వేడిని బట్టి ఒక్కో రకం కిరణాలను ఎక్కువగా వెదజల్లుతుంది. మామూలు నేల, చెట్టూచేమా వెదజల్లేవి 10 మైక్రాన్ల తరంగదైర్ఘ్యం దగ్గర ఎక్కువగా ఉంటాయి. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. మండుతున్న కట్టె నుంచి వచ్చేవి 3, 4 మైక్రాన్ల దగ్గర ఎక్కువ. ఈ రెంటినీ విడివిడిగా పట్టే స్కానర్ ఉంటే పని సులువు. పొగ కింద ఎక్కడ మండుతోందో, ఎక్కడ కాలి చల్లారిందో, ఎక్కడ బూడిద చాటున నిప్పు ఇంకా రగులుతోందో చెప్పేయొచ్చు.

ఈ కిటుకు కొత్తదేమీ కాదు. 1960లలోనే మోంటానా రాష్ట్రంలోని మిసౌలాలో అమెరికా అటవీ సర్వీసు దీనిమీద పరిశోధన మొదలెట్టింది. ఆ తర్వాత పైలట్లున్న విమానాలే స్కానర్లు కట్టుకుని రాత్రిపూట మంటల మీద ఎగిరేవి. అవి తీసిన బొమ్మల్ని నిపుణులు చూసి పటం మీద మంట అంచులు గీసేవారు. తెల్లారేసరికి ఆ పటం గుడారానికి చేరేది. మంచి పద్ధతే. కానీ బొమ్మ తీసిన వేళకీ అది చేతికొచ్చిన వేళకీ మధ్య గంటలు గడిచిపోయేవి. అంతసేపు మంట ఆగి ఎదురుచూడదుగా!

ఆ ఐదుగురు

2006 అక్టోబరు 26. దక్షిణ కాలిఫోర్నియాలోని కబజాన్ దగ్గర, అర్ధరాత్రి దాటాక, కొండ అంచున నిప్పు అంటుకుంది. అది పొరపాటున జరిగింది కాదు, కావాలని పెట్టిన నిప్పేనని తర్వాత కోర్టులో రుజువైంది. ఆ ప్రాంతంలో చలికాలానికి ముందు ఎడారి వైపు నుంచి సముద్రం వైపు పొడి గాలులు వీస్తాయి. 'శాంటా ఆనా' గాలులంటారు. తడి అన్నది లేకుండా పీల్చేసే గాలి అది. దానికి నిప్పు తోడైతే ఇంకేముంది! తెల్లారేసరికి మంట కొండెక్కేసింది.

కొండమీద ఓ ఇంటిని కాపాడటానికి అటవీ సర్వీసు వాళ్ల 'ఇంజిన్ 57' బృందం నిలబడింది. ఉదయం ఏడు దాటాక గాలి విసురుకి లోయలోంచి మంటలు ఒక్కసారిగా ఎగదన్ని వాళ్లను చుట్టేశాయి. బృందంలో ఐదుగురు. ఐదుగురూ ప్రాణాలు పోగొట్టుకున్నారు. వాళ్లు కాపాడబోయిన ఇంట్లో అప్పుడు ఎవరూ కాపురం ఉండటం లేదు.

ఇది జరిగిన రెండు రోజులకు, 28వ తేదీన, 'ఆల్టెయిర్' అనే మానవ రహిత విమానం ఆ మంటల మీదికి వచ్చింది. 16 గంటల పాటు అక్కడే తిరుగుతూ, పొగ కింద మంట ఎక్కడుందో బొమ్మలు తీసి కిందికి పంపింది. నిజానికి ఈ ఆలోచన అప్పటికే ఐదేళ్ల నాటిది. 2001 సెప్టెంబరులో ఎల్ మిరాజ్ అనే చోట ఓ చిన్న మంట తామే పెట్టుకుని, 'ఆల్టస్' అనే మానవ రహిత విమానంతో దాని బొమ్మ తీయించి, ఉపగ్రహం ద్వారా వెంటనే తెప్పించుకుని చూశారు. అది ప్రయోగం. ఎస్పెరాంజా అని పేరుపెట్టిన ఈ మంటల్లో మొదటిసారి అసలు పనికి దిగింది.

ఆల్టెయిర్ రెండు రోజులు ముందొస్తే ఆ ఐదుగురూ బతికేవారా? అలా అని ఎవరూ చెప్పలేరు. మంట క్షణాల్లో ఎగదన్నినప్పుడు ఏ పటం మాత్రం ఏం చేస్తుంది? కానీ లోయలో ఏం రగులుతోందో ముందే తెలిస్తే, అసలు అక్కడ నిలబడాలా వద్దా అన్న ఆలోచనకు వ్యవధి దొరుకుతుంది. మంటలతో పనిచేసేవాళ్లకు అన్నిటికన్నా విలువైనది ఆ వ్యవధే.

ఇఖానా వచ్చింది

ఎస్పెరాంజా జరిగిన మరుసటి నెలలోనే, 2006 నవంబరులో, నాసా చేతికి ఓ కొత్త విమానం వచ్చింది. జనరల్ అటామిక్స్ సంస్థ తయారుచేసే ప్రెడేటర్-బి రకం. దానికి 'ఇఖానా' అని పేరు పెట్టారు. చోక్టా అనే అమెరికా ఆదివాసీల భాషలో ఆ మాటకు తెలివైనది, ఎరుక కలది అని అర్థం.

చూడటానికి కాస్త వింతగా ఉంటుంది. రెక్కలు ఈ చివర నుంచి ఆ చివరకు 66 అడుగులు. ఒళ్లు మాత్రం 36 అడుగులే. ముక్కు ఉబ్బెత్తుగా ఉంటుంది. లోపల ఉపగ్రహంతో మాట్లాడే యాంటెన్నా ఉంది మరి! పంకా ముందు కాకుండా తోక దగ్గర తిరుగుతుంది. కిటికీలుండవు. పైలట్ కాలిఫోర్నియా ఎడారిలోని ఎడ్వర్డ్స్ వైమానిక స్థావరంలో, నాసా కేంద్రంలో ఓ గదిలో కూర్చుంటాడు. తెర మీద చూస్తూ, ఉపగ్రహం ద్వారా ఆదేశాలు పంపుతూ వందల మైళ్ల దూరంలో ఉన్న విమానాన్ని నడుపుతాడు. ఒక పైలట్ అలసిపోతే లేచి వెళ్లి, ఇంకొకరు వచ్చి ఆ కుర్చీలో కూర్చుంటారు. విమానం మాత్రం దిగనక్కర్లేదు. మనుషులు మారుతూ పని ఆగకుండా సాగడం... ఊళ్లో రాత్రి కాపలా వంతులు వేసుకున్నట్టే.

దాని రెక్క కింద ఓ తొట్టి వేలాడదీశారు. అందులో ఉన్నదే అసలు కన్ను. వెలుగునూ వేడినీ ఎన్నో పట్టీలుగా విడదీసి చూసే స్కానర్ అది. దీని వెనకున్న శాస్త్రవేత్తల్లో ముఖ్యుడు విన్సెంట్ అంబ్రోసియా. కాలిఫోర్నియాలోనే నాసాకున్న ఏమ్స్ పరిశోధన కేంద్రంలో ఈ పని నడిచింది. అటవీ సర్వీసు నుంచి ఎవరెట్ హింక్లీ తోడు నిలిచారు.

వీళ్లు చేసిన తెలివైన పని ఒకటుంది. బొమ్మల్ని కిందికి పంపి, అక్కడ నిపుణుడు చూసి, గీసి, పంచడం అనే పాత వరసను మార్చేశారు. లెక్కంతా విమానంలోని కంప్యూటరే చేసేస్తుంది. ఏది మంట, ఏది కాదు అన్నది అక్కడే తేలిపోతుంది. ఆ బొమ్మ భూమ్మీద సరిగ్గా ఎక్కడ పడుతుందో, కొండల ఎత్తుపల్లాలతో సహా లెక్కగట్టి, ఉపగ్రహం ద్వారా ఏమ్స్‌కు పంపుతుంది. అక్కడినుంచి ఇంటర్నెట్‌లోకి. గుడారంలో ఉన్న అధికారి తన ల్యాప్‌టాప్‌లో గూగుల్ ఎర్త్ తెరిస్తే చాలు, తనకు తెలిసిన కొండలూ రోడ్ల మీద మంట గీత కనిపిస్తుంది. బొమ్మ తీసినప్పటి నుంచి అది తెర మీదికి రావడానికి పట్టే సమయం 10, 15 నిమిషాలు. గంటల వయసున్న కబురు నిమిషాల వయసుకు దిగిందన్నమాట.

2007 ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో ఇఖానా పశ్చిమ అమెరికా రాష్ట్రాల మీద ఎగిరింది. ఒక్కో ప్రయాణం 10 నుంచి 20 గంటలు. ఒకే ప్రయాణంలో ఓ రాష్ట్రంలోని మంట చూసి, ఇంకో రాష్ట్రానికి వెళ్లి అక్కడిదీ చూసి వచ్చేది. అసలు పరీక్ష అక్టోబరులో ఎదురైంది. ఆ నెల మూడో వారంలో శాంటా ఆనా గాలులు విరుచుకుపడి దక్షిణ కాలిఫోర్నియాలో ఒకేసారి ఎన్నో చోట్ల మంటలు లేచాయి. శాన్ డియాగో ప్రాంతంలో సుమారు 5 లక్షల మందిని ఇళ్లు ఖాళీ చేయమన్నారు. 'విచ్' అని పేరుపడ్డ ఒక్క మంటే 2 లక్షల ఎకరాల దాకా కాల్చేసింది.

24 నుంచి 28వ తేదీ దాకా ఇఖానా నాలుగుసార్లు ఎగిరింది. ప్రతిసారీ 7 నుంచి 9 గంటలు. ఒక మంట నుంచి ఇంకో మంటకు, గాల్లోనే దారి మార్చుకుంటూ... ఎక్కడ అవసరమంటే అక్కడికి. ఒకేసారి ఇన్ని మంటలున్నప్పుడు పెద్ద చిక్కు ఏమిటంటే, ఉన్న కొద్దిపాటి సిబ్బందిని ఎక్కడ పెట్టాలన్నది. ఏ మంట ఊరివైపు నడుస్తోంది, ఏది కొండమీదే ఆగిపోయేలా ఉంది అన్న తేడా తెలిస్తేనే ఆ లెక్క కుదురుతుంది.

కత్తికి రెండు పనులు

ఇక్కడ ఓ మాట దాచకుండా చెప్పుకోవాలి. ఇఖానాకు ఓ తోబుట్టువు ఉంది. పేరు రీపర్. అదే అచ్చులో పోసిన విమానం. రెక్కల కింద స్కానర్ బదులు క్షిపణులుంటాయి. శాన్ డియాగో మీద ఇఖానా మంటల్ని వెతుకుతున్న ఆ 2007 అక్టోబరు నెలలోనే, అఫ్గానిస్థాన్‌లో రీపర్ తొలిసారి మనుషుల మీద క్షిపణి వేసిందన్న వార్త వచ్చింది. ఎక్కువసేపు గాల్లో ఉండటం, అలసిపోకపోవడం, చీకట్లో వేడిని పసిగట్టడం... ఒకచోట ప్రాణం నిలిపే గుణాలే ఇంకోచోట ప్రాణం తీసేవయ్యాయి.

యుద్ధం కోసం పుట్టిన యంత్రాన్ని శాస్త్రం కోసం అడిగి తెచ్చుకోవడం నాసాకు ఇదొక్కటే కాదు. గ్లోబల్ హాక్ అనే సైనిక విమానాలను తెచ్చుకుని, 2010 నుంచి వాటితో వాతావరణ పరిశోధన చేయించింది. 60 వేల అడుగుల పైన, 30 గంటల దాకా గాల్లో ఉండగల విమానం అది. అట్లాంటిక్ సముద్రంలో పుట్టే తుపాన్ల మీద తిరుగుతూ, లోపలికి చిన్న చిన్న పరికరాలు జారవిడిచి, అవి కిందికి దిగేలోగా గాలి, వేడి, తేమ లెక్కలు రాబట్టింది. పైలట్ లోపల కూర్చునే విమానం అంతసేపు అక్కడ ఉండలేదు.

మన పక్కనే ఇలాంటి ప్రయోగం ఇంకోటి జరిగింది. 2006 మార్చిలో మాల్దీవుల్లోని ఓ దీవి నుంచి మూడు చిన్న మానవ రహిత విమానాలను ఒకదాని మీద ఒకటి వరసగా ఎగరేశారు. ఒకటి మబ్బు కింద, ఒకటి మబ్బులో, ఒకటి మబ్బు పైన. చేయించింది అమెరికాలోని స్క్రిప్స్ సంస్థకు చెందిన వి.రామనాథన్. మన దక్షిణాసియా పొయ్యిలు, పొలాలు, వాహనాల నుంచి లేచి హిందూ మహాసముద్రం మీద పరుచుకునే గోధుమరంగు పొగ మేఘం ఎంత ఎండను మింగుతోందో కొలవడమే వాళ్ల పని. ఆ పొగ వల్ల కింది వాతావరణం ఎండకు వేడెక్కడం దాదాపు 50 శాతం పెరుగుతోందని 2007లో ప్రకటించారు. ఒకే క్షణంలో మూడు ఎత్తుల్లో కొలిస్తేనే తేలే లెక్క అది. చిన్న విమానాలు కాబట్టి కుదిరింది.

ప్రయోగాలన్నీ సాఫీగా సాగాయనుకోకండి. సూర్యరశ్మితో ఎగిరే 'హీలియోస్' 2001 ఆగస్టులో 96,863 అడుగుల ఎత్తుకు వెళ్లి అందరినీ ఆశ్చర్యపరిచింది. 2003 జూన్‌లో హవాయి దగ్గర గాల్లోనే విరిగి సముద్రంలో పడింది. లోపల మనిషి లేడు కాబట్టి ఎవరి ఇంట్లోనూ ఏడుపు వినిపించలేదు. మనిషి లేని విమానానికున్న గొప్ప సుగుణం అదే.

కబురు ఆగిపోయే చోటు

ఇంతకీ ఇఖానా రాకతో కార్చిచ్చు సమస్య తీరిందా? తీరలేదు. ఎందుకు తీరలేదో చూస్తే అసలు పాఠం బోధపడుతుంది.

2013 జూన్ 30. అరిజోనా రాష్ట్రంలోని యార్నెల్ కొండ. గ్రానైట్ మౌంటెన్ అనే బృందంలోని 19 మంది అప్పటికే కాలి చల్లారిన చోట క్షేమంగా ఉన్నారు. అక్కడినుంచి కిందనున్న ఓ పశువుల క్షేత్రం వైపు నడిచారు. ఈలోగా ఉరుముల వాన తోసుకొచ్చిన గాలికి మంట దిశ మారి వాళ్ల దారికి అడ్డంగా వచ్చింది. 19 మందీ చనిపోయారు. ఆ సమయంలో మంట ఆర్పే మందు నింపుకున్న పెద్ద విమానం పైనే ఉంది. కానీ వాళ్లు సరిగ్గా ఎక్కడున్నారో పైవాళ్లకు తెలియదు. మంట ఎక్కడుందో తెలిస్తే చాలదు, మన మనుషులు ఎక్కడున్నారో కూడా తెలియాలి. మంటల్లో పనిచేసే ప్రతి బృందం ఎక్కడుందో కనిపెట్టే ఏర్పాటు చేయాలని, మానవ రహిత విమానాల వాడకం పెంచాలని 2019 మార్చిలో అమెరికా చట్టం చేసింది. 19 ప్రాణాలు పోయిన ఆరేళ్లకు.

ఇంకో ఊరి కథ. పేరు ప్యారడైజ్. అంటే స్వర్గం. ఉత్తర కాలిఫోర్నియాలో పైన్ చెట్ల మధ్య, కొండ వీపు మీద ఉన్న ఊరు. 2008 వేసవిలో ఆ ప్రాంతమంతా పిడుగులు పడి అడవులు అంటుకున్నాయి. జులైలో ఇఖానా ఉత్తర కాలిఫోర్నియా మంటల మీద తిరిగింది. ఆ వేసవిలో ప్యారడైజ్ దాకా సెగ తగిలింది, జనాన్ని ఖాళీ చేయించారు, ఊరు దక్కింది.

పదేళ్లు గడిచాయి. 2018 నవంబరు 8. ఉదయం ఆరున్నర ప్రాంతంలో పాత కరెంటు లైను నుంచి నిప్పు రాలింది. గాలి విపరీతంగా ఉంది. గంటన్నర తిరిగేసరికి మంట ప్యారడైజ్ పొలిమేరకు చేరింది. ఊరు దాదాపు మొత్తం కాలిపోయింది. 85 మంది చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది వృద్ధులు. మంట వస్తోందన్న సంగతి అధికారులకు తెలుసు. కానీ ఖాళీ చేయమన్న హెచ్చరిక ఊళ్లో చాలామందికి అందలేదు. ఫోన్లకు హెచ్చరికలు రావాలంటే ముందుగా పేరు నమోదు చేసుకోవాలి. చేసుకోనివాళ్లే ఎక్కువ. అందినవాళ్లేమో ఒకేసారి రోడ్డెక్కి, ఉన్న కొద్ది దారుల్లో ఇరుక్కుపోయారు.

ఆకాశంలో ఎంత గొప్ప కన్నున్నా, కబురు చివరి గడప దాకా రాకపోతే లాభం లేదు. చూడటం, చెప్పడం, వినడం, కదలడం... ఈ నాలుగూ ఒకే గొలుసు కడియాలు. ఇఖానా మొదటి రెంటినీ గట్టిపరిచింది. మిగతా రెండూ మనుషుల చేతుల్లో ఉన్నవి. అవి విమానాలతో తెగేవి కావు. ఇల్లు కాలేటప్పుడు బావి తవ్వకూడదంటారే, దారులు వెడల్పు చేయడమూ, ముసలివాళ్ల పేర్లు రాసిపెట్టుకోవడమూ అంతే.

ఇంకో చిత్రం. ఇఖానాకు కట్టిన ఆ స్కానర్‌ను నాసా 2012లో అటవీ సర్వీసుకు ఇచ్చేసింది. వాళ్లు దాన్ని దేనికి బిగించారనుకున్నారు? పైలట్లు కూర్చుని నడిపే సెస్నా జెట్ విమానానికి! అంటే పదేళ్ల ప్రయోగంలో చివరికి నిలిచింది మనిషి లేని విమానం కాదు. కళ్లూ, కబురు పంపే వేగమూ. అది ఏ రెక్కల మీద వస్తేనేం?

మానవ రహిత విమానానికి ఉన్న అడ్డంకి రెక్కల్లో లేదు, ఆకాశం దారుల్లో ఉంది. అది అందరి విమానాలు తిరిగే దారిలోకి వస్తే, ఎదురొచ్చేదాన్ని చూసి తప్పుకోవాలి కదా. లోపల కళ్లున్న మనిషి లేడు. అందుకే అమెరికా పౌర విమానయాన సంస్థ నుంచి ముందే ప్రత్యేక అనుమతి కావాలి. చాలా సందర్భాల్లో వెనకాలే మనుషులున్న మరో విమానం కాపలాగా వెళ్లాలి. ఇఖానా అలాంటి తోడు లేకుండా అందరి ఆకాశంలోకి మొదటిసారి ఒంటరిగా వెళ్లింది 2018 జూన్ 12న. ఎదుటి విమానాన్ని తానే పసిగట్టి తప్పుకునే పరికరాలు పెట్టాక. మంటల మీద తొలిసారి ఎగిరిన పదకొండేళ్లకు.

సరదా తెచ్చిన చేటు

ఈలోగా ఇంకో రకం మానవ రహిత విమానాలు ఇంటింటికీ వచ్చేశాయి. మన పెళ్లిళ్లలో పందిరి మీద ఝుమ్మని తిరిగి, తలంబ్రాలు పోస్తుంటే పైనుంచి వీడియో తీసే డ్రోన్లు. ఇఖానా పనిని అవి సగం పాడుచేస్తున్నాయి.

2015 జులైలో కాలిఫోర్నియాలోని కహోన్ కనుమ దగ్గర మంట జాతీయ రహదారి మీదికి దూకింది. జనం కార్లు వదిలేసి పరుగెత్తారు. సుమారు 20 వాహనాలు రోడ్డుమీదే కాలిపోయాయి. అదే సమయంలో ఎవరో సరదారాయుళ్లు ఐదు డ్రోన్లు ఎగరేశారు. ఢీకొంటాయన్న భయంతో మంట ఆర్పే విమానాలు కాసేపు ఆగిపోవాల్సి వచ్చింది. 2025 జనవరిలో లాస్ ఏంజెలిస్‌లో పాలిసేడ్స్ మంటలు చెలరేగినప్పుడు ఏకంగా ఢీనే కొట్టింది. కెనడా నుంచి సాయానికొచ్చిన, సముద్రంలో నీళ్లు తోడుకుని మంటల మీద పోసే విమానం రెక్కకు ఓ డ్రోన్ తగిలి చిల్లు పడింది. ఇళ్లు కాలిపోతున్న ఆ రోజుల్లో ఆ విమానం నేలమీద కూర్చోవాల్సి వచ్చింది. వీడియో తీసినవాడికి నాలుగు క్షణాల ముచ్చట. మంట కింద ఉన్నవాడికి ఇల్లు.

మన నల్లమల మాటేమిటి?

ఇదంతా ఎక్కడో అమెరికా గొడవ అనుకోనక్కర్లేదు. ఏటా ఫిబ్రవరి వచ్చేసరికి మన నల్లమల ఆకు రాలుస్తుంది. అడుగు వేస్తే గలగలమనే ఎండుటాకు. ఇప్పపువ్వు ఏరుకోవడానికి చెట్టు కింద శుభ్రంగా ఉండాలని ఒకరు, తునికాకు కొత్తగా చిగురించాలని ఒకరు, పశువులకు లేత గడ్డి మొలవాలని ఒకరు నిప్పు పెడతారు. శ్రీశైలం దారిలో బీడీ కాల్చి విసిరేసేవాళ్లు సరేసరి.

మన మంట కాలిఫోర్నియా మంటలా చెట్ల తలల మీద పరుగెత్తదు. నేలబారున పాకుతుంది. చూడటానికి ఇంతేనా అనిపిస్తుంది. కానీ ఆ ఏడు మొలిచిన మొక్కల్ని, నేలమీద గూడు కట్టిన పిట్టల్ని, పాముల్ని, తాబేళ్లను మింగేస్తుంది. పెద్ద చెట్లు నిలబడతాయి, వాటి పిల్లలు ఉండవు. అలా ఏటా కాలితే కొన్నాళ్లకు ముసలి చెట్లు మాత్రమే మిగిలిన అడవి అవుతుంది.

దీన్ని కనిపెట్టే కళ్లు మనకూ ఉన్నాయి. ఉపగ్రహాలు మన మీదుగా వెళ్లేటప్పుడు పసిగట్టిన వేడిని షాద్‌నగర్‌లోని కేంద్రం అందుకుంటుంది. హైదరాబాద్‌లోని జాతీయ దూర సంవేదన కేంద్రం, డెహ్రాడూన్‌లోని అటవీ సర్వే సంస్థ దాన్ని లెక్కగట్టి, ఏ అడవిలో ఏ చోట మంట ఉందో అటవీ అధికారుల ఫోన్లకు కబురు పంపుతాయి. గొప్ప ఏర్పాటే. దానికున్న పరిమితి కూడా తెలుసుకోవాలి. ఉపగ్రహం ఇఖానాలా ఒకేచోట గిరికీలు కొట్టదు. తన వేళకు వచ్చి తన దారిన పోతుంది. అది వెళ్లిన గంటకు అంటుకున్న మంట మళ్లీ ఇంకోటి వచ్చేదాకా దాని లెక్కలో ఉండదు. పాత ఉపగ్రహాల కంటికి ఒక్కో చుక్క కిలోమీటరు వెడల్పు. కొత్తవాటికి 375 మీటర్లు. ఆ చుక్కలో మంట ఏ మూలనుందో వెళ్లి వెతుక్కోవాల్సిందే. ఈ సందు పూడ్చడానికే మన దేశంలోనూ కొన్ని రాష్ట్రాల అటవీ శాఖలు చిన్న డ్రోన్లు వాడటం మొదలెట్టాయి. మంచిదే.

అయితే ఆ ఎస్సెమ్మెస్ వచ్చాక ఏం జరుగుతుందో ఒక్కసారి ఊహించండి. ఫోను మోగుతుంది, సిగ్నల్ ఉంటే. వేసవికి కూలికి పెట్టుకున్న మంటల కాపలాదారు, తరచుగా ఓ చెంచు యువకుడు, బయల్దేరతాడు. బండి వెళ్లినంత దూరం బండి మీద. ఆ తర్వాత నడక. గుట్ట ఎక్కి, వాగు దిగి చేరేసరికి చుక్క చూపిన చోట బూడిద ఉంటుంది, మంట ముందుకు పోయి ఉంటుంది. పచ్చి కొమ్మలు విరుచుకుని, వరసగా నిలబడి, దాన్ని కొట్టి కొట్టి ఆర్పుతారు. కొన్నిచోట్ల గాలి ఊదే యంత్రాలు వచ్చాయి, వాటిని వీపున మోసుకుపోవాలి. తాగే నీళ్లూ మోసుకుపోవాలి.

అంతరిక్షం నుంచి బయల్దేరిన కబురు చివరికి ఆ పచ్చికొమ్మ దగ్గరికే చేరుతోంది. గొలుసులో బలమైన కడియం, బలహీనమైన కడియం రెండూ అక్కడే ఉన్నాయి. పై కంటి కోసం మనం పెట్టే ఖర్చులో కొంతైనా కింది కాలి కోసం పెట్టాలి. వేసవి నాలుగు నెలలకే కాకుండా ఏడాది పొడవునా పని, సరైన బూట్లు, బీమా, మంట దారి మారితే హెచ్చరించడానికి ఒక వైర్‌లెస్ సెట్టు. ఇంజిన్ 57 వాళ్లకైనా, నల్లమల కుర్రాడికైనా కావాల్సింది ఒకటే... నిప్పు కన్నా ముందు కబురు, కబురు అందాక తప్పుకోవడానికి దారి.

వచ్చే ఫిబ్రవరిలో శ్రీశైలం వెళ్తూ ఘాట్ రోడ్డు మీద కారాపినప్పుడు ఎండుటాకు మీద సిగరెట్ పీక విసరబోయే చెయ్యి ఎవరిదైనా కనిపిస్తే, అక్కడే ఆపండి. కార్చిచ్చు గురించి అంతకన్నా ముందు అందే కబురు ఏ విమానమూ పంపలేదు.